మిద్దె మీద మొక్కల వల్లే పై ఫ్లాట్ సీలింగ్ కారుతోందా? సలహా కావాలి

గోంగూర_బుట్ట, మల్కాజిగిరి:

అందరికీ నమస్తే. మొక్కలు పెంచేవాళ్లు, ఇళ్లు కట్టే పని తెలిసినవాళ్లు ఇద్దరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, కట్టి పద్దెనిమిదేళ్లు దాటింది. మేముండేది రెండో అంతస్తు, బాల్కనీలో ఎండ పడదు, అందుకని అసోసియేషన్‌లో అడిగి టెర్రస్ మీద తూర్పు పిట్టగోడ వెంట మొక్కలు పెట్టుకున్నాను. మొదట్లో నాలుగు కుండీలే, తర్వాత గ్రోబ్యాగులు, సగానికి కోసిన నీలం డ్రమ్ములు, చేపల మార్కెట్ దగ్గర దొరికే థర్మాకోల్ డబ్బాలు, అలా పెరుగుతూ పోయింది. గోంగూర, పాలకూర, వంగ, టమాటా, పందిరి మీద బీర, చిక్కుడు ఉన్నాయి. పొద్దున్నే కాసేపు అక్కడ తిరగకపోతే నాకు తోచదు.

ఇప్పుడు గొడవేంటంటే, ఐదో అంతస్తు అంకుల్ వాళ్ల బెడ్‌రూమ్ సీలింగ్‌కి చెమ్మ పట్టింది. బాత్‌రూమ్ గోడ పక్కన ఇంత పెద్ద మరక, అంచులు పసుపుగా వలయాలు వలయాలుగా, మధ్యలో పుట్టీ ఉబ్బి ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఒక చోట బొట్లు బొట్లుగా కారుతుంటే కింద బకెట్ పెట్టుకున్నారు. పాపం ఇబ్బందే, కాదనను. కానీ ఆయన నాతో ఒక్క మాట అనకుండా నేరుగా వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, కొందరి సరదాకి మేము గొడుగు వేసుకుని పడుకోవాలా అని రాశారు. ఇంకేముంది, టెర్రస్ ఎక్కి ఏడాదైన వాళ్లు కూడా మొక్కలు తీసేయాల్సిందే అని తీర్పు చెప్పేశారు. మొన్నటిదాకా మా బీరకాయలు తీసుకెళ్లిన ఆంటీ లిఫ్టులో మొహం తిప్పుకుంటున్నారు.

నా డౌటు ఏంటంటే, ఇది మార్చి, వాన చినుకు లేదు. నా మొక్కలేమో తూర్పు వైపు, ఆయన బెడ్‌రూమ్ పడమర మూల, సరిగ్గా నీళ్ల ట్యాంకు ఉన్న చోటు కింద. నేను పోసే నీళ్లు అంత దూరం వెళ్తాయా? మొక్కలు తీసేస్తే నిజంగా ఆగుతుందా? అసోసియేషన్ వాళ్లు పిలిచిన కాంట్రాక్టర్ పైకి వచ్చి ఫోన్లో మాట్లాడుతూనే ఒక చుట్టు తిరిగి, మొత్తం టెర్రస్‌కి కోటింగ్ వేయాల్సిందే అని పెద్ద రేటు చెప్పి వెళ్లాడు. ఆ డబ్బు నన్నే పెట్టుకోమంటారేమో అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.


స్లాబు_డాక్టర్:

మేడమ్, నేను సివిల్ ఇంజనీర్‌ని, ఇలాంటి కేసులు ప్రతి ఎండాకాలం వస్తూనే ఉంటాయి. మొదట ఒక జాగ్రత్త. ఆ బొట్లు ఫ్యాన్ హుక్కు దగ్గర గానీ లైటు పాయింటు నుంచి గానీ పడుతుంటే ఆ గదికి ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గది కరెంటు ఆపే స్విచ్చు) వెంటనే ఆఫ్ చేయమని అంకుల్‌కి చెప్పండి. స్లాబులో వైర్ల కోసం వేసిన పైపులోకి నీళ్లు దిగితే అవి అక్కడి నుంచే బయటికి వస్తాయి, షాక్ కొడుతుంది. అలిగి ఉన్నా సరే ఈ ఒక్క మాట ఇవాళే చెప్పండి.

ఇక అసలు విషయం. మీ మొక్కలు అటు, మరక ఇటు ఉంది కాబట్టి మీరు సేఫ్ అనుకోవద్దు, అలాగని మీదే తప్పు అనడానికీ లేదు. స్లాబు మీద వాలు కోసం ఇటుక ముక్కలు, సిమెంటు కలిపి ఒక పొర వేస్తారు, దాని మీద టైల్స్ గానీ నున్నటి సిమెంటు గానీ ఉంటుంది. పైన ఒక పగులులోంచి దిగిన నీళ్లు ఆ పొరలోనే పాకుతూ వెళ్లి, అసలు స్లాబుకి ఎక్కడ సందు ఉంటే అక్కడ కిందికి కారతాయి. దిగేది ఒక చోట, తేలేది ఇంకో చోట. అందుకే చూసీ చూడగానే కారణం చెప్పేవాడిని నేను నమ్మను, మీ కాంట్రాక్టర్‌తో సహా.

వానల్లేని మార్చిలో కారుతోందంటే రోజూనో రోజు విడిచి రోజో నీళ్లు అందుతున్నాయన్నమాట. మీ టెర్రస్ మీద అలాంటివి ఏమున్నాయి? మొక్కలకి పోసే నీళ్లు, ట్యాంకు, ట్యాంకు నుంచి కిందికి దిగే పైపులు. ఇవి కాక అంకుల్ సొంత బాత్‌రూమ్‌లో గోడ లోపలి పైపులు, ముఖ్యంగా గీజర్‌కి వెళ్లేవి. వీటిని ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి, అన్నీ ఒకేసారి ఆపేస్తే ఏదో తెలియదు.

ముందు సీలింగ్ మీద మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసి ఫొటో తీయించండి. తర్వాత ఒక వారం మొక్కలకి గొట్టంతో పట్టడం ఆపి, చచ్చిపోకుండా మగ్గుతో కొంచెం కొంచెం పోయండి, కింద ఒక్క చుక్క కారకూడదు. ఆ వారంలో గీత దాటి చెమ్మ పెరిగిందంటే మూలం మొక్కలు కాదు. పెరగకపోతే తొందరపడకండి, పొరలో నిలిచిన నీళ్లు ఆరడానికి టైమ్ పడుతుంది. ట్యాంకు సంగతి ఇంకా తేలిక, రాత్రి కింది వాల్వులన్నీ మూసి నీటి మట్టం దగ్గర గీత పెట్టి, తెల్లారి మోటరు వేయకముందే చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ట్యాంకు పైపులు స్లాబులోకి దిగే రంధ్రాల చుట్టూ చూడండి. నేను చూసిన పాత బిల్డింగుల్లో సగం లీకులు అక్కడే. పైపు ఎండకి సాగుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది, చుట్టూ పూసిన సిమెంటు దాన్ని వదిలేస్తుంది, ఆ సన్న సందు చాలు.

చివరగా నీళ్లు నిలబెట్టి చూడటం. అనుమానం ఉన్న చోట బంకమట్టితో చిన్న గట్టు కట్టి, వాన నీళ్లు పోయే తూము గుడ్డతో మూసి, రెండు అంగుళాల నీళ్లు రెండు రోజులు ఉంచాలి. టెర్రస్ మొత్తం ఒకేసారి నింపొద్దు. రెండు అంగుళాలంటే చదరపు మీటరుకి దాదాపు 50 కిలోలు, పాత స్లాబు మీద, అదీ మొక్కల బరువు ఉన్న స్లాబు మీద అనవసరం. ముక్కలు ముక్కలుగా చేస్తే ఏ ముక్క కారుతోందో కూడా తెలుస్తుంది.


ఈసీఐఎల్_కింది_వాడు:

అక్కా, నేను ఆ అంకుల్ బ్యాచ్. మా పైన కూడా తోట ఉంది, ఓనర్ గారిదే. ఇంజనీర్ గారు చెప్పినవన్నీ కరెక్టే గానీ కింద ఉండేవాడికి ఎలా ఉంటుందో ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నా. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి వాన పడింది చూడండి, అప్పుడు మా హాల్లో మొదటి మరక వచ్చింది. ఓనర్ వచ్చి చూసి వానకి ఎవరింట్లో అయినా వస్తుంది అని పెయింట్ వేయించాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ పెయింట్. మూడోసారికి పెయింట్ కాదు, సీలింగ్ పెచ్చు ఊడి మంచం మీద పడింది, అదృష్టం బాగుండి పిల్లలు స్కూల్లో ఉన్నారు. పైన చూస్తే లోపలి ఇనుప చువ్వలు ఎర్రగా తుప్పు పట్టి కనపడుతున్నాయి. చువ్వకి తుప్పు పడితే లావెక్కుతుంది, లావెక్కి కాంక్రీటును కిందికి నెట్టేస్తుంది, అదీ సంగతి.

మా కేసులో కారణం తోటే. గ్రోబ్యాగులు ఏ స్టాండూ లేకుండా స్లాబు మీదే పెట్టాడు, వాటి కింద ఏడాది పొడుగునా తడే, ఎండ తగలదు, గాలి ఆడదు. ఒక బ్యాగు లేపితే వేళ్లు అడుగు రంధ్రాల్లోంచి దిగి టైల్స్ సందుల్లోకి పోయి ఉన్నాయి. కాబట్టి మీది కాదని తేలేదాకా మీదే అయ్యుండొచ్చు అనుకునే వెతకండి. ఇంకోటి, ఆ వాట్సాప్ గ్రూపులో వాదించకండి. ఒకసారి వాళ్లింటికి వెళ్లి ఆ మరక కింద నిలబడి తలెత్తి చూడండి. మా ఓనర్ అది చేసి ఉంటే నాకు సగం కోపం పోయేది.


వినియోగదారుడు_0:

ఎందుకండీ ఇంత తలనొప్పి. రైతుబజారులో కిలో గోంగూర తెచ్చుకుంటే అయిపోయే దానికి స్లాబు పరీక్షలు, పెన్సిల్ గీతలు. అపార్ట్‌మెంట్లో ఉన్నాక అపార్ట్‌మెంట్లో ఉన్నట్టు ఉండాలి.


గోంగూర_బుట్ట, మల్కాజిగిరి:

పై వ్యాఖ్యకి నా దగ్గర జవాబు లేదండి, మీ ఇష్టం మీది. స్లాబు డాక్టర్ గారూ, చాలా థాంక్స్, రేపటి నుంచే మొదలుపెడతాను. ఈసీఐఎల్ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు సాయంత్రం వెళ్లి చూసి వచ్చాను. ఆంటీ కాఫీ ఇవ్వలేదు గానీ కూర్చోమన్నారు. బొట్లు ఫ్యాన్ దగ్గర కాదు, గోడ మూల.


అల్వాల్_అత్తయ్య:

అమ్మాయ్, నేను టీచరుగా రిటైరయ్యాక మొదలుపెట్టిన పని ఇది, మా సొంతిల్లే కాబట్టి నాకు వాట్సాప్ గ్రూపు బాధ లేదు, కింద పోర్షన్‌లో అద్దెకున్న వాళ్ల బాధ మాత్రం ఉంది. లీకు సంగతి ఆ అబ్బాయి బాగా చెప్పాడు, నేను బరువు సంగతి చెప్తాను, ఎందుకంటే మీరు నీలం డ్రమ్ములు అన్నారు, అక్కడే నా గుండె జల్లుమంది.

రెండు వందల లీటర్ల డ్రమ్ము సగానికి కోస్తే వంద లీటర్ల మట్టి పడుతుంది. ఉత్త ఎర్రమట్టి నింపి నీళ్లు పోశారనుకో, ఒక్కోటి 170 కిలోలకి తగ్గదు. మనుషులు నడిచే టెర్రస్‌ని మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోల బరువుకి లెక్కేసి కడతారని మా అల్లుడు చెప్తాడు, అతనూ కట్టుబడి పనిలోనే ఉన్నాడు. ఒక డ్రమ్ము ఉంటే ఆ బరువును స్లాబు చుట్టూ పంచుకుంటుంది, పరవాలేదు. నడి స్లాబు మీద వరసగా అరడజను పెడితే మాత్రం సన్న పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలోంచే నీళ్లు. డ్రమ్ములు ఎప్పుడూ కింద బీము ఉన్న చోట, పిల్లర్ల దగ్గర, గోడల మీదుగా రావాలి. బీము ఎక్కడుందో తెలియకపోతే కింద ఫ్లాట్ సీలింగ్ చూస్తే తెలుస్తుంది. మట్టి కూడా మార్చు, ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు కొబ్బరి పొట్టు, ఒక వంతు మాగిన పశువుల ఎరువో వర్మి కంపోస్టో కలిపితే బరువు బాగా తగ్గుతుంది, నీళ్లు కూడా ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి రెండు పూటలా గొట్టం పట్టక్కర్లేదు.

బ్యాగులకి అడుగెత్తు ఇనుప స్టాండ్లు చేయించు. కాళ్ల కింద గ్రానైటు ముక్కలు పెట్టు, లేకపోతే తుప్పు నీళ్లు కారి ఎర్ర మరకలు పడతాయి, దానికి ఇంకో గొడవ. నీళ్లు కారకుండా కింద ప్లేట్లు పెడతారు కొందరు, పెట్టు గానీ వారానికోసారి వంచి తుడిచి ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లోనే రెక్కలు వచ్చి ఎగిరిపోతుంది. లీకుకే ఇంత అన్నవాళ్లు డెంగీ వస్తే నిన్ను బతకనివ్వరు తల్లీ.

ఇంకొక్క మాట. పిట్టగోడ పగుళ్లలో, తూముల దగ్గర రావి మొక్క ఏమన్నా మొలిచిందేమో చూడు. పక్షులు రెట్టలో గింజలు వేస్తాయి, చూస్తుండగానే వేరు గోడ లోపలికి పోతుంది. రావి పీకకూడదని చాలామంది వదిలేస్తారు, నేను మాత్రం మొక్క చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి మా గుడి వెనక ఖాళీ జాగాలో నాటించాను, దేవుడికీ ఇంటికీ ఇద్దరికీ ఇబ్బంది లేదు.


ట్రెజరర్_తిప్పలు, మియాపూర్:

డబ్బు ఎవరు పెట్టాలన్న దాని గురించి. నేను మా అసోసియేషన్‌లో ట్రెజరర్‌ని, ఈ పంచాయితీ మా దగ్గరా నడిచింది. టెర్రస్ అనేది మామూలుగా ఉమ్మడి ఆస్తి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 2016లో ఉమ్మడి స్థలాల నిర్వచనంలో టెర్రస్ పేరు పెట్టి మరీ ఉంది. మీ బిల్డింగు దానికంటే పాతది, కాబట్టి మీ సేల్ డీడ్‌లో, అసోసియేషన్ బైలాస్‌లో ఏం రాసుందో చదవండి. టెర్రస్ అందరిదే అయితే దాని రిపేరు కూడా అందరి ఖర్చే, కింద అంతస్తుల వాళ్లు మాకేం కారట్లేదు కదా అంటే కుదరదు. లిఫ్టు మొదటి అంతస్తు వాడు ఎక్కడు, అయినా మెయింటెనెన్స్ కడుతున్నాడుగా. కాకపోతే ఒకరి వాడకం వల్లే పాడైందని తేలితే ఆ భాగం వాళ్లే పెట్టుకోవడం న్యాయం. అందుకే ఆ పరీక్షలేవో అసోసియేషన్ వాళ్లని దగ్గర నిలబెట్టి చేయండి, ఫొటోలు తేదీలతో ఉంచుకోండి.

ఇది చదివే కొత్త ఫ్లాట్ల వాళ్లకి ఒక మాట, రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టు అయితే తాళాలు చేతికి వచ్చిన 5 ఏళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతో సరిచేయాలి, 14వ సెక్షన్ చూసుకోండి. అది వదిలేసి చందాలు వేసుకునే అసోసియేషన్లు నాకు తెలుసు.


గోంగూర_బుట్ట, మల్కాజిగిరి:

అప్‌డేట్ ఇస్తున్నాను, కొంచెం లేటయింది. మొక్కలకి వారం పైనే గొట్టం పట్టలేదు, పాలకూర పోయింది, టమాటాలు వాడిపోయి మళ్లీ లేచాయి. అంకుల్ ఇంట్లో మరక మాత్రం పెన్సిల్ గీత దాటి ఇంకో జానెడు పెరిగింది. ట్రెజరర్ గారు చెప్పినట్టు మా సెక్రటరీ గారి ముందే గీత గీయించాను, ఆయన ఫోన్లోనే ఫొటోలు ఉన్నాయి.

ట్యాంకు నీటి మట్టం రాత్రంతా అలాగే ఉంది, ట్యాంకు మంచిదే. కథంతా దాని పొర్లు పైపు దగ్గర ఉంది. నల్లా నీళ్లు వచ్చిన రోజు సంపు నిండగానే వాచ్‌మన్ తెల్లవారుజామున మోటరు వేసి గేటు దగ్గరికి, కార్లు తుడవడానికి వెళ్లిపోతాడు. ట్యాంకు నిండి పొర్లుతుంటే ఆ పైపుకి కిందిదాకా గొట్టం లేదు, నీళ్లు అక్కడే స్లాబు మీద పడతాయి. ఆ మూల ఉన్న తూము జాలీ ఎత్తి చూస్తే లోపల ఆకులు, పాన్ మసాలా కవర్లు, వాటన్నిటినీ కట్టిపడేసినట్టు సంక్రాంతి మాంజా ఉండ. చేత్తో లాగితే రాలేదు, కత్తెరతో కోసి తీశాం, వేళ్లు కోసుకుపోయాయి కూడా. అంటే నీళ్లు పోయే దారి లేక అక్కడే మడుగు కడుతున్నాయి, సరిగ్గా ఆ మడుగులోనే కిందికి దిగే పైపులు నాలుగూ ఉన్నాయి. వాటి చుట్టూ సిమెంటు వదిలేసి రూపాయి బిళ్ల నిలువుగా దూరేంత సందు. బంకమట్టి గట్టు కట్టి నీళ్లు నిలబెడితే తెల్లారేసరికి అంకుల్ బకెట్లో చప్పుడు మొదలైంది.

నా మొక్కల వైపు కూడా అలాగే నీళ్లు నిలబెట్టి చూశాం, కింద ఫ్లాట్లో ఏమీ రాలేదు, కానీ బ్యాగుల కింద పచ్చగా పాచి ఉంది, కాబట్టి స్టాండ్లు చేయిస్తున్నాను అత్తయ్యా. అంకుల్ స్వయంగా పైకి వచ్చి మాంజా ఉండ చూశారు. గ్రూపులో పెట్టిన ఫొటో తీసేశారు గానీ, డ్రమ్ములు మాత్రం అక్కడి నుంచి జరపాల్సిందే అంటున్నారు. సరే అన్నాను, బరువు లెక్క విన్నాక నాకూ భయంగానే ఉంది.

ఇప్పుడు పైపుల దగ్గర ఒక్కచోట రిపేరు చేయిస్తే చాలా, లేక ఆ కాంట్రాక్టర్ అన్నట్టు మొత్తం కోటింగా?


స్లాబు_డాక్టర్:

ముందు ఆ మూల ఒక్కటి సరిగ్గా చేయించండి, మళ్లీ నీళ్లు నిలబెట్టి చూడండి, ఆగితే మొత్తం కోటింగు గురించి తీరిగ్గా ఆలోచించవచ్చు. వదులైన సిమెంటు అంతా చెక్కేసి, పైపు చుట్టూ వేలు పట్టేంత గాడి తీసి, కుంచించుకుపోని గ్రౌట్‌తో (సందులు నింపే ప్రత్యేక సిమెంటు మిశ్రమం) నింపాలి. ఉత్త సిమెంటు పూస్తే వచ్చే ఎండాకాలానికి మళ్లీ విడిపోతుంది. దాని మీద పైపుని కూడా కలుపుకుని ఫైబర్ జాలీ పెట్టి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు వేయాలి, మొదటిది ఆరాకే రెండోది. పైపుల చుట్టూ గుండ్రంగా వాలు ఇవ్వమనండి, నీళ్లు నిలవకూడదు. పొర్లు పైపుకి గొట్టం వేసి తూములోకి కలపండి, మోటరుకి ట్యాంకు నిండగానే ఆగిపోయే సెన్సర్ పెట్టించండి, ఈ మొత్తంలో అదే చవకైన పని.

అంకుల్‌తో ఇప్పుడే సీలింగ్‌కి పుట్టీ, పెయింట్ వేయించొద్దని చెప్పండి. ఉబ్బినదంతా గీకేసి ఫ్యాన్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే లోపలి చెమ్మ కొత్త పుట్టీని కూడా లేపేస్తుంది. గీకినప్పుడు చువ్వలు కనపడితే నాకు ఫొటో పెట్టండి, అది వేరే పని. ఇవన్నీ మే లోపు అయిపోవాలి, మనకి జూన్ రెండో వారానికల్లా వానలు దిగుతాయి, తడి స్లాబు మీద ఏ కోటింగూ నిలవదు. తర్వాత ఎప్పుడైనా మొత్తం వేయిస్తే తెల్ల రంగుది వేయించుకోండి, పై అంతస్తులో వేడి కూడా తగ్గుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది కూడా అందుకే.


అల్వాల్_అత్తయ్య:

డ్రమ్ములు జరిపే ముందు రెండు మూడు రోజులు నీళ్లు పోయకు అమ్మాయ్, బరువు తగ్గుతుంది. ఈడ్చవద్దు, టైల్స్ గీసుకుపోతాయి. పాత గోనెసంచి తడిపి డ్రమ్ము కిందికి దూర్చి ఇద్దరు పట్టుకుని సంచిని లాగితే అదే జరుగుతుంది. బీర పాదు ఉన్న డ్రమ్ము మాత్రం ఇప్పుడు కదపకు, కాపు అయ్యాక చూడొచ్చు, అంతగా అయితే మీ అంకుల్‌కి లేత కాయలు రెండు ఇచ్చి గడువు అడుగు.